ఇమ్యునాలజీలో నాలుగు కాలాలు చల్లగా ఉండాలంటే

ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ సీటు వచ్చిందా? శుభం. నెట్‌లో ర్యాంకు, జేఆర్‌ఎఫ్, పేరున్న సంస్థ, హాస్టల్లో గది, ఒక తెల్లకోటు. ఇంతవరకూ బాగానే ఉంది. జాగ్రత్త పడాల్సింది ఇకమీదే. ఈ రంగంలో పిల్లలు చెడిపోవడానికి సందులు చాలా ఉన్నాయి. ఎవరూ పట్టించుకోని కణాన్ని పట్టుకుని వేళ్లాడటం, పెద్దలు తేల్చేసిన సంగతిని మళ్లీ తవ్వడం, ఇరవయ్యేళ్లు ఒకే ప్రశ్న ముందు కూర్చోవడం. అలా చెడినవాళ్లలో కొందరికి చివరికి స్టాక్‌హోం దాకా వెళ్లాల్సిన ప్రయాస కూడా తప్పలేదు. డిసెంబరులో అక్కడ చలి మామూలుగా ఉండదు. మీకా గతి పట్టకూడదనే ఈ నాలుగు ముక్కలూ.

గాలిలో చెప్పిన సలహా తలకెక్కదు కాబట్టి ఒక మనిషిని ఎదుట పెట్టుకుందాం. పేరు రాల్ఫ్ స్టీన్‌మన్. పరిశోధకుడు చేయకూడని పనులన్నీ ఒక్క జీవితంలోనే చేసి చూపించిన మహానుభావుడు. ఆయన ఎక్కడెక్కడ తప్పటడుగు వేశాడో చూసి, మీరు అక్కడక్కడ ఆగిపోతే చాలు.

చదివిన చదువుకు తగ్గ పని చూసుకోండి

1943లో మాంట్రియల్‌లో పుట్టాడు. మెక్‌గిల్‌లో డిగ్రీ, 1968లో హార్వర్డ్ నుంచి డాక్టరు పట్టా, ఆ పైన బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో శిక్షణ. ఇంతటి జాతకం ఉన్నవాడు ఏం చెయ్యాలి? బోర్డు కట్టుకోవాలి. మన దగ్గరయితే ఈపాటికి నర్సింగ్ హోముకి స్థలం చూడటం, శంకుస్థాపన, పెళ్లిచూపులు ఒక వరసలో అయిపోయేవి. ఈయన 1970లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి వెళ్లి జాన్విల్ కోన్ అనే ప్రొఫెసరు దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరాడు. ఎలుక ప్లీహంలోంచి కణాలు తీసి డిష్‌లో వేసి చూడటానికి.

కాబట్టి మొదటి సలహా. "ఏం చేస్తున్నావు నాయనా" అని ఎవరడిగినా ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగే పనిలోనే చేరండి. పెళ్లి భోజనాల బంతిలో కూర్చుని "టీ కణాన్ని మొట్టమొదట నిద్ర లేపేదెవరో కనుక్కుంటున్నానండీ" అన్నారనుకోండి, పక్కాయన పప్పు వడ్డించేవాడి కోసం అటు తిరుగుతాడు.

నిజానికి స్టీన్‌మన్‌ను పట్టుకున్న ప్రశ్న అదే. ఒంట్లోకి కొత్త క్రిమి వస్తే టీ కణాలు, బీ కణాలు దాని పని పడతాయని అప్పటికే తెలుసు. కానీ అవి తమంతట తాము కదలవు. 1967లో మిషెల్, డటన్ అనే ఇద్దరు ఎలుక ప్లీహం కణాలను డిష్‌లో పెట్టి, అక్కడే యాంటీబాడీలు పుట్టించి చూపించారు. అందులో ఒక తిరకాసు బయటపడింది. లింఫోసైట్లు, అంటే ఆ టీ, బీ కణాలు, మాత్రమే ఉంటే పని జరగదు. డిష్ అడుగున అంటుకునే రకం కణాలు కూడా కొన్ని ఉండాలి. అవి ఏమిటి? సహాయక కణాలు అని ఒక పేరు పెట్టేసి, మాక్రోఫేజ్‌లే అయి ఉంటాయిలే అని అందరూ అనుకున్నారు. మాక్రోఫేజ్ అంటే అల్లాటప్పా కణం కాదు. 1882లో మెసీనాలో మెచ్నికోవ్ నక్షత్రచేప పిల్లకి ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం చూసినప్పటినుంచీ ఆ వంశానికి గౌరవం ఉంది. 1908లో నోబెల్ కూడా వచ్చింది. పైగా కోన్ ల్యాబే మాక్రోఫేజ్‌లకు పుట్టిల్లు. గురువుగారి ఇంట్లో కూర్చుని గురువుగారి కణమే గొప్పదంటే రెండేళ్లలో నాలుగు పేపర్లు, మూడో ఏడు ఉద్యోగం. ఇంత సులువైన దారి వదిలి ఆ కుర్రాడు ఏం చేశాడో చూడండి.

మైక్రోస్కోపులో వెతికేదే కనబడాలి

అంటుకున్న కణాలను ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు కింద పెట్టి తీరిగ్గా చూశాడు. రాక్‌ఫెల్లర్‌లో ఇదొక జబ్బు. జార్జ్ పలాడే లాంటివాళ్లు కణం లోపల ఏముందో కళ్లతో చూడటమే చదువు అన్నట్టు అక్కడ ఒక సంప్రదాయం పెట్టిపోయారు. డిష్‌లో ఎక్కువ భాగం మాక్రోఫేజ్‌లే. వాటి నడుమ అక్కడొకటి ఇక్కడొకటి వేరే రకం కనబడ్డాయి. ఒంటి చుట్టూ పొడుగాటి కొమ్మలు. ఆ కొమ్మలు ఊరుకోవు. కణం వాటిని చాస్తుంది, ముడుచుకుంటుంది, ఇంకో దిక్కుకి చాస్తుంది.

తెలివైన విద్యార్థి ఇక్కడ ఏం చేస్తాడు? ఫోకస్ మారుస్తాడు. లేదా డిష్‌ను మరోసారి కడుగుతాడు. మరీ మొండికేస్తే "కల్చర్ ఆర్టిఫాక్ట్" అని నోట్‌బుక్కులో రాసి, టీ తాగడానికి క్యాంటీన్‌కి వెళ్తాడు. స్టీన్‌మన్ అలా కాక ఆ కణాన్ని విచారణకు నిలబెట్టాడు. మాక్రోఫేజ్‌కి కార్బన్ రేణువులు వేసినా, యాంటీబాడీ పూసిన ఎర్రకణాలు వేసినా గుటుక్కున మింగుతుంది. ఇది ముట్టలేదు. మాక్రోఫేజ్ కడుపు నిండా లైసోజోములుంటాయి. దీనికి అవి బహు తక్కువ. ఒక రాత్రి ఇంక్యుబేటర్లో ఉంచితే మాక్రోఫేజ్‌లు అడుగునే కరుచుకుని ఉంటాయి, ఇవి మాత్రం పట్టు వదిలి పైకి తేలతాయి. ఇన్ని తేడాలు చూశాక ఇది మాక్రోఫేజ్ కాదు, కొత్త రకం అని 1973లో కోన్‌తో కలిసి జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్‌లో రాశాడు. డెండ్రైటిక్ కణం అని పేరు పెట్టాడు.

ఇదంతా ఎందుకొచ్చింది? చూడబట్టి. మీకు ఆ ప్రమాదం లేదు, మన కాలానికి ఫ్లో సైటోమీటరు ఉంది. తెర మీద చుక్కల గుంపులు వస్తాయి. కావలసిన గుంపు చుట్టూ ఒక గీత గీస్తే అదే గేటు. గేటు లోపలున్నవి డేటా, బయట పడ్డవి చెత్త. సీనియర్ పోయిన ఏడు గీసిన గేటు ఫైల్లో ఉంటుంది, అదే అతికించండి. బయట చుక్కలు ఎందుకు పడ్డాయని ఎవరూ అడగరు. అడిగితే "డెడ్ సెల్స్ సార్" అనండి. ఈ మాటకు ఇంతవరకూ తిరుగులేదు.

చూసి కూడా చెడకుండా ఎలా ఉండాలో తెలియాలంటే పాల్ లాంగర్‌హాన్స్‌ను ఆదర్శంగా పెట్టుకోండి. 1868లో, ఇంకా వైద్య విద్యార్థిగా ఉండగానే, మనిషి చర్మానికి బంగారు లవణంతో రంగు పట్టించి, ఇలాంటి కొమ్మల కణాలనే చూశాడు. చూసి, నాడీకణాలన్నాడు. ఎంత హాయి! తర్వాత వందేళ్లు వాటి అసలు ఉద్యోగం ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. అవి కూడా డెండ్రైటిక్ కణాల బంధువులేనని, డిష్‌లో కొన్నాళ్లు పెంచితే టీ కణాలను లేపే శక్తి వస్తుందని 1985లో గెరోల్డ్ షూలర్, స్టీన్‌మన్ చూపించారు. చచ్చి నూరేళ్లు కావస్తున్నా లాంగర్‌హాన్స్‌ను పడుకోనివ్వలేదు.

నూటికి ఒకటి వచ్చేదాన్ని పట్టుకోకండి

ప్లీహంలోని కణాల్లో ఇవి నూటికి ఒకటో, ఒకటిన్నరో. ల్యాబ్ మీట్‌లో ఒక శాతం అని స్లైడు వేస్తే అటు చివర కూర్చున్న పోస్ట్‌డాక్ "నాయిస్ కాదా?" అంటాడు. ఆ మాటతో బుద్ధి తెచ్చుకోవాలి. స్టీన్‌మన్ తెచ్చుకోలేదు. 1978లో మార్గరెట్ విట్మర్‌తో కలిసి వీటిని వేరు చేసి, మరో జాతి ఎలుక టీ కణాలతో కలిపి చూశాడు. మిగతా ప్లీహం కణాల కంటే ఇవి కనీసం వంద రెట్లు గట్టిగా టీ కణాలను రెచ్చగొట్టాయి. అంటే ఇన్నాళ్లూ డిష్‌లో పని చేస్తున్నది ఈ గుప్పెడు కణాలు, పేరు కొట్టేస్తున్నది మాక్రోఫేజ్‌లు. ఆఫీసుల్లో ఉద్యోగం చేసినవాళ్లకి ఇందులో కొత్తేమీ కనబడదు.

ఇంత చెప్పాక లోకం చప్పట్లు కొట్టిందా? లేదు. పదేళ్లు దాటినా చాలామంది పట్టించుకోలేదు. కారణం కూడా సబబుగానే ఉంది. ఈ కణాలను తీయడం మహా చికాకు. ప్లీహం నలిపి, తేలిక కణాలను తేల్చి, డిష్‌కి అంటించి, కడిగి, రాత్రంతా ఉంచి, ఊడినవాటిని ఏరి, వాటిలో దొంగచాటుగా దూరిన మాక్రోఫేజ్‌లను మళ్లీ తీసేయాలి. అంతా అయ్యాక మిగిలేవి బొటాబొటి. ఇతరులు ప్రయత్నిస్తే కుదరలేదు. కుదరక, నీ కణాల్లో మాక్రోఫేజ్‌ల కల్తీ ఉందిలే అన్నారు. ఆయన వాదన పెట్టుకోకుండా పద్ధతిని మెరుగు పెడుతూ కూర్చున్నాడు. శిష్యుడు మిషెల్ నుసెన్‌జ్వైగ్ 1982లో ఎలుక డెండ్రైటిక్ కణాన్ని గుర్తుపట్టే మోనోక్లోనల్ యాంటీబాడీ తయారుచేశాడు. చివరికి 1992లో, క్యోటో నుంచి వచ్చి పనిచేసిన కాయో ఇనాబాతో కలిసి ఎలుక ఎముక మజ్జలోంచి జీఎమ్-సీఎస్ఎఫ్ అనే పదార్థంతో వీటిని లెక్కకు మిక్కిలిగా పెంచే దారి దొరికింది. 1994లో సాలుస్టో, లాంజవెక్కియా మనిషి రక్తంలోని మోనోసైట్లతో అదే పని చేశారు. ఆ తర్వాత గానీ ఊరూరా ల్యాబుల్లో డెండ్రైటిక్ కణాలు పుట్టలేదు.

1973 నుంచి 1992. లెక్కేసుకోండి. పంతొమ్మిదేళ్లు! మన దగ్గర ఫెలోషిప్పు అయిదేళ్లు, దాంట్లో మొదటి ఏడు కోర్సు వర్కు, రెండో ఏడు ఎలుకల కమిటీ అనుమతి. మిగిలిన మూడేళ్లలో ప్రపంచం ఒప్పుకోని కణాన్ని మీరు ఎలా ఒప్పిస్తారు? అయిదో ఏడు నిండకముందే టాపిక్ మార్చండి. ఎవరైనా తేల్చేశాక తిరిగి రావచ్చు. రివ్యూ ఆర్టికల్ రాయొచ్చు.

గుంపులో నడవండి

ఏ టాపిక్‌కి మారాలి అంటారా? ఎక్కువమంది ఉన్నదానికి. 1970ల్లో అలాంటిది ఒకటి ఉండేది, సప్రెసర్ టీ కణాలని. రోగనిరోధక వ్యవస్థకు పగ్గం వేసే కణాలు. 1970లో యేల్‌లో గెర్షన్, కొండో మొదలుపెట్టారు. ఊరంతా దూకింది. వాటి మీద ఐ-జే అనే గుర్తు ఉందన్నారు, ఆ గుర్తును పట్టే సీరం తయారైంది, ఆ గుర్తుకు జన్యువు ఎలుక పదిహేడో క్రోమోజోము మీద ఫలానా చోట ఉందని పటం వేశారు, పేపర్లు గుట్టలు పడ్డాయి. 1980ల మొదట్లో ఎవరో పనిలేనివాళ్లు ఆ చోటి డీఎన్‌ఏను క్లోన్ చేసి చదివారు. అక్కడ ఆ జన్యువుకు చోటే లేదు. మూకుమ్మడిగా అందరూ బయటికి నడిచారు. ఆ పదం ఎత్తితే గ్రాంటు రాదన్నంత దాకా వచ్చింది. చూశారా, గుంపులో ఉంటే లాభం ఇదే. లోపలికి వెళ్లేటప్పుడూ తోడుంటారు, బయటికి వచ్చేటప్పుడూ తోడుంటారు. ఏ ఒక్కడి మీదా మాట రాదు.

గుంపు బయటికి వచ్చేశాక ఆ ఖాళీ ఇంట్లో ఒకడు దీపం పెట్టుకుని కూర్చున్నాడు. జపాన్ మనిషి, షిమోన్ సకాగుచి. పుట్టిన మూడో రోజున ఎలుక పిల్లకి థైమస్ తీసేస్తే దాని ఒళ్లు దాన్నే తినేస్తుందెందుకని ఈయన సందేహం. పగ్గం వేసే కణాలు ఏవో ఉండి తీరాలన్నాడు. 1995లో సీడీ25 అనే గుర్తున్న టీ కణాలే అవి అని చూపించాడు. వాటిని తీసేస్తే జబ్బు, తిరిగి పెడితే రక్షణ. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ స్కర్ఫీ అనే రోగిష్ఠి ఎలుకల్లో చెడిన జన్యువు ఫాక్స్‌పీ3 అని పట్టుకున్నారు. ఆ జన్యువే ఈ కణాలను నడిపేదని తర్వాత తేలింది. 2025లో ముగ్గురికీ కలిపి నోబెల్. ఆ కబురు వచ్చేసరికి రామ్స్‌డెల్ ఫోనుకు అందని కొండల్లో తిరుగుతున్నాడు. ఇలాంటివాళ్ల దగ్గర ఏం నేర్చుకుంటాం?

ఫలితం ముందు, ప్రయోగం తర్వాత

ఓపిక లేనివారికి దగ్గరి దారి కూడా ఉంది. స్టీన్‌మన్ పేపరు వచ్చిన మరుసటి ఏడాది, 1974లో, రాక్‌ఫెల్లర్‌కి రోడ్డు అవతలే ఉన్న స్లోన్-కెటరింగ్‌లో విలియం సమ్మర్లిన్ అనే డాక్టరు ఉండేవాడు. చర్మాన్ని కొన్ని వారాలు కల్చర్‌లో ఉంచి అతికిస్తే, పరాయి ఎలుక చర్మమైనా ఒళ్లు తిప్పికొట్టదని ఆయన సిద్ధాంతం. ఇతరులకు అది కుదరలేదు. ఒకరోజు డైరెక్టరు రాబర్ట్ గుడ్‌కి ఎలుకల్ని చూపించడానికి తీసుకెళ్తూ, తెల్ల ఎలుకల మీది అతుకులను నల్ల ఫెల్ట్ పెన్నుతో దిద్దాడు. డైరెక్టరుగారికి అనుమానం రాలేదు. ఎలుకల్ని తిరిగి బోనులో పెట్టే సహాయకుడికి వచ్చింది. దూదితో కాస్త ఆల్కహాలు రుద్దాడు. నలుపు పోయింది, ఆ తర్వాత సమ్మర్లిన్ ఉద్యోగమూ పోయింది.

ఇందులో పాఠం తేలికే: స్పిరిట్‌కి చెరగని సిరా వాడాలి. రెండో పాఠం, ఎలుకలకు తిండి పెట్టేవాళ్లను ల్యాబు చుట్టుపక్కలకు రానివ్వకూడదు. ప్రొఫెసర్లకు కనబడనివి వాళ్లకు కనబడతాయి. ఇప్పుడు పెన్ను కూడా అక్కర్లేదు, ఫోటోషాపు ఉంది. ఒక బ్లాట్ తిప్పేసి రెండుసార్లు వాడితే పట్టుకునే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయనుకోండి. ఎంతటి నీచానికి దిగజారారు!

అంత దూరం వెళ్లలేని మొహమాటస్తులకు ఇంకో ఉపాయం చెబుతాను. మీరు పెంచుతున్న కణాలు ఎవరివో అడగకండి. పక్క ల్యాబు వాళ్లు ఫ్లాస్కులో ఇచ్చారు, మూత మీద మార్కర్‌తో పేరు రాసి ఉంది, చాలదా? 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు, వేర్వేరు అనుకుంటున్న కణ వంశాలు చాలావరకు హీలా కణాలేనని ఎంజైము పరీక్షతో చూపించి సభ మూడ్ పాడుచేశాడు. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా ల్యాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వారపు కణితి నుంచి ఆమెను అడక్కుండా తీసిన కణాలవి. మహా జోరుగా పెరుగుతాయి. ఒక్క చుక్క పడితే పక్క డిష్‌ను ఆక్రమిస్తాయి. పేగు కణాలనుకుని ఏళ్ల తరబడి వాటి మీదే పేపర్లు రాసినవాళ్లున్నారు. ఇప్పుడు ఎస్‌టీఆర్ పరీక్ష చేయించి కణాల వంశవృక్షం తెలుసుకోవచ్చు. తెలుసుకుంటే థీసిస్‌లో మూడు అధ్యాయాలు ఎగిరిపోవచ్చు. కాబట్టి వద్దు.

మైకోప్లాస్మా అనే బాక్టీరియా సంగతీ అంతే. మామూలు బాక్టీరియా పడితే మీడియం మబ్బుగా అవుతుంది, పారబోస్తాం. ఇది పడితే మీడియం తేటగానే ఉంటుంది. దీనికి కణకవచం లేదు కాబట్టి మీరు వేసే పెన్సిలిన్ దీన్ని ఏమీ చేయదు. నెలల తరబడి లోపల ఉండి, మీ కణాల ఇంటర్‌ఫెరాన్లూ సైటోకైన్లూ అన్నీ తారుమారు చేస్తుంది. మీకు కొత్తరకం ఫలితాలు వస్తాయి. సంతోషించండి.

పత్రిక పేరు చూసి చదవండి

అచ్చు వేసే చోటే అన్నిటికంటే ముఖ్యం. నేచర్‌లో వస్తే నిజం, సైన్స్‌లో వస్తే చాలా నిజం, మిగతావి కాలక్షేపం. 1950ల్లో ఒహాయో స్టేట్‌లో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కోడిపిల్లల తోక దగ్గరుండే బర్సా అనే తిత్తిని కోసేసి ఏమవుతుందో చూస్తున్నాడు. ఏమీ కాలేదు. తోటి విద్యార్థి టిమొథీ చాంగ్, క్లాసులో యాంటీబాడీలు పుట్టడం చూపించాలి, నాలుగు కోళ్లు ఇవ్వవా అన్నాడు. ఇచ్చాడు. ఇంజెక్షను ఇస్తే ఆ కోళ్లలో యాంటీబాడీలు రాలేదు. క్లాసులో పరువు పోయింది. తీరా చూస్తే అవి బర్సా కోసేసిన కోళ్లు. సైన్స్ పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పికొట్టింది. 1956లో పౌల్ట్రీ సైన్స్ అనే కోళ్ల పత్రికలో వచ్చింది. బీ కణంలో బీ అక్షరం ఆ బర్సాదే. ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరు ఎంతో కనుక్కుని, బీ కణాలను నమ్మాలో వద్దో మీరే నిర్ణయించుకోండి. ఎవరికీ కోళ్లు అరువివ్వకండి.

కటాలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ కూడా ఇలాగే చేశారు. ఎమ్ఆర్‌ఎన్‌ఏలో ఒక అక్షరాన్ని కాస్త మారిస్తే ఒంటి రోగనిరోధక కణాలు దాని మీద విరుచుకుపడవని కనిపెట్టి నేచర్‌కి పంపారు. కాదన్నారు. 2005లో ఇమ్యూనిటీ అనే పత్రికలో వచ్చింది. మీ భుజానికి వేసిన కోవిషీల్డో కోవాగ్జినో ఆ రకం కాదు గానీ, అమెరికాలో ఉన్న మీ అన్నయ్య వేయించుకున్న ఫైజరు, మోడర్నా టీకాలు ఆ పేపరు మీద నిలబడ్డవే.

పేరు ముందు పెట్టించుకోండి

రచయితల వరసలో జాగా కోసం చేసే పోరాటం ప్రయోగం కన్నా ముఖ్యం. ఎవరూ దొరక్కపోతే కుక్కనైనా చేర్చుకోవచ్చు. 1978లో పాలీ మాట్జింగర్ తన అఫ్ఘాన్ హౌండ్ గలాడ్రియెల్ మిర్క్‌వుడ్‌ను సహరచయితగా పెట్టి పేపరు అచ్చువేసింది. స్టీన్‌మన్ రాసే పత్రికలోనే!

మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ విద్యలో బొత్తిగా పనికిరారు. 1895లో భీమవరంలో పుట్టి, బోస్టన్ వెళ్లి, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టి, శాశ్వత ఉద్యోగం రాక 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. ఆయన బృందం చేసిన అమినాప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు తొలిసారి కొంత ఉపశమనం ఇవ్వగలిగాడు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. ఈరోజు కీళ్లవాతం ఉన్న మన ఇళ్లలో పెద్దవాళ్లు వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర అదే, అదుపు తప్పిన రోగనిరోధక వ్యవస్థను కాస్త తగ్గించడానికి. మందుల షాపులో ఆ మాత్ర కొనేవాళ్లలో భీమవరం పేరు తెలిసినవారు ఎందరో అడిగి చూడండి.

స్టీన్‌మన్‌ది ఇంకో రకం పొరపాటు. యాంటీబాడీ పంచాడు, పద్ధతి నేర్పాడు, అడిగినవాళ్లను తన ల్యాబులో కూర్చోబెట్టుకుని చేయించాడు. నుసెన్‌జ్వైగ్, షూలర్, ఇనాబా తర్వాత ఎవరికి వారే పేరు తెచ్చుకున్నారు. ఇలా చేస్తే మీ కణం ఊరందరి కణం అయిపోతుంది. మైనస్ ఎనభై ఫ్రీజరుకు తాళం వేయండి. తాళంచెవి ఎక్కడుందో మీరూ మరిచిపోతే మరీ మంచిది.

జబ్బు చేస్తే సెలవు పెట్టండి

2007 మార్చిలో స్టీన్‌మన్‌కు క్లోమగ్రంథి క్యాన్సరు బయటపడింది. అది ఎంత చెడ్డదో డాక్టరు కాబట్టి ఆయనకు చెప్పనక్కర్లేదు. ఆయన తన జబ్బును కూడా ల్యాబుకు తీసుకెళ్లాడు. కీమోథెరపీతోపాటు అనేక ప్రయోగ చికిత్సలు చేయించుకున్నాడు. తన డెండ్రైటిక్ కణాలకు తన కణితి గురుతులు పట్టించి, తిరిగి తన ఒంట్లోకి ఎక్కించిన టీకాలు వాటిలో ఉన్నాయి. లోకం నలుమూలలా ఉన్న పాత శిష్యులూ స్నేహితులూ పూనుకున్నారు. ప్రతిదానికీ పద్ధతి ప్రకారం ఒక్క రోగి ట్రయల్ కింద అనుమతి తీసుకున్నాడు. నాలుగున్నరేళ్లు బతికాడు. టీకా వల్లనా, కీమో వల్లనా, ఆపరేషన్ వల్లనా? రోగి ఒక్కడే, కంట్రోల్ లేదు, తేలదు. ఇంత తెలిసినవాడు తేలని ప్రయోగం పెట్టుకోవచ్చా? మధ్యలో, 2010లో, రోగి సొంత కణాలతో తయారుచేసే ప్రోస్టేట్ క్యాన్సరు చికిత్స ప్రొవెంజ్‌కు అమెరికా ప్రభుత్వం అనుమతి ఇవ్వడం మాత్రం కళ్లారా చూశాడు.

2011 సెప్టెంబరు 30, శుక్రవారం, పోయాడు. అరవై ఎనిమిదేళ్లు. అక్టోబరు 3, సోమవారం, స్టాక్‌హోంలో నోబెల్ ప్రకటించారు. సగం ఆయనకి, మిగతా సగం బ్రూస్ బ్యూట్లర్, జూల్స్ హాఫ్‌మన్‌లకు. పోయినవారికి ఇవ్వకూడదని నిబంధన. కమిటీవాళ్లకు ఆయన పోయిన సంగతి తెలియదు. ఆరోజే కూర్చుని, బతికే ఉన్నాడనుకుని ఇచ్చాం కాబట్టి ఇచ్చింది ఇచ్చినట్టే అని తేల్చారు.

మీకు ఇలాంటి చిక్కులు రాకూడదు. వచ్చే సోమవారం ల్యాబ్ మీట్‌లో మీ వంతు ఉందిగా, ఈ రాత్రికే స్లైడ్లు సర్దుకోండి. గేటు బయట చుక్కలు మరీ ఎక్కువగా కనబడుతుంటే యాక్సిస్ కాస్త కుదించండి. సార్ అడగరు.